కొసరు మాత్ర

మా బావ మల్లికార్జునయ్యకు ఎండ చాలలేదని రక్తపరీక్షలో తేలిన రోజు, గుంతకల్లు స్టేషన్ పార్సిల్ ఆఫీసులో కూర్చుని పగలబడి నవ్వాను. మా జిల్లాలో వాన పడదు, బోర్లలో నీళ్లు రావు, వేరుశనగ కాయ పట్టకముందే మాడిపోతుంది. ఎవరికైనా అడక్కుండా దొరికేది ఎండ ఒక్కటే. అది కూడా మా బావకు అందలేదట. అందదు మరి. పొద్దున బట్టల అంగడి తెరిచి పరుపు మీద కూర్చుంటే దీపాలు పెట్టాకే లేస్తాడు. మధ్యలో కాఫీకి బయటికొస్తే గొడుగు వేసుకుంటాడు.

బావ మాత్రం నవ్వలేదు. హడలిపోయాడు. వాళ్ల ఇంట్లో మగవాళ్లెవరూ అరవై చూడలేదు. తాత, నాయన, చిన్నాయన, అందరూ షష్టిపూర్తి ముంగిట దాకా వచ్చి వెళ్లిపోయారు. ఉగాది దాటితే బావకు అరవై నిండుతాయి. మా అక్క వరలక్ష్మమ్మ మెడలో రెండోసారి తాళి కట్టాలని ఆయన కోరిక. ఆ ఒక్కటి తీరితే చాలని ప్రతి దేవుడికీ మొక్కుకున్నాడు.

ఊళ్లో డాక్టరు విటమిన్ డి మాత్రలు రాసి, వారానికి ఒక్కటే వేసుకోమని, రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోమని చెప్పాడు. మామూలు మనిషికి ఆ మాట చాలు. మా బావ మామూలు మనిషి కాదు. ఆయన దృష్టిలో కొసరు లేకపోతే కొలతే కాదు. మీటరు గుడ్డ కొలిచి, ఇంకో నాలుగు వేళ్లు వదిలి చించుతాడు. కూరగాయలు తూచాక పిడికెడు పచ్చిమిరపకాయలు సంచిలో పడందే అక్కడి నుంచి కదలడు. పెళ్లిలో అక్క మెడలో మూడు ముళ్లూ వేసి, పురోహితుడు చాలు నాయనా అంటున్నా వినకుండా నాలుగో ముడి కూడా వేశాడు. "కొసరు" అన్నాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా అక్కకు ఈ వయసులో కూడా సిగ్గు ముంచుకొస్తుంది.

మందుల అంగడి మార్కండేయ మాత్రలు పొట్లం కట్టి ఇస్తే, బావ చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు.

"కొసరేదప్పా?"

మార్కండేయ పాత స్నేహితుడు. ఎముకల బలానికని ఒక కాల్షియం మాత్రల అట్ట, పాలల్లో కలుపుకునే పొడి డబ్బా ఒకటి, చేపనూనె గోలీల సీసా ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. ఊరికే వచ్చింది కాబట్టి బావ వాటిని మరింత భక్తిగా మింగాడు. వారం మాత్ర కూడా రోజూ మింగడం మొదలుపెట్టాడు.

"వారానికొకటి గదా చెప్పింది బావా?" అని అడిగాను.

"సోమవారందే డాక్టరు మాత్ర వేణూ. మిగతా దినాలవి కొసరు."

"ఇదేమన్నా మిరపకాయలా?"

"మా నాయన ఏ మాత్రా మింగకనే పోయినాడు. నేను అరవై చూడల్ల. పైన ఇంకా నాలుగేండ్లు కొసరు ఉండల్ల."

నాకు ఒళ్లు మండి వచ్చేశాను.

మాఘమాసానికి బావకు దాహం మొదలైంది. వేరే ఊళ్లో అయితే ఎవరైనా అనుమానపడేవాళ్లు. ఇక్కడ దాహాన్ని రోగమని ఎవడనుకుంటాడు? బావ చెంబు వదిలి బిందె ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. ఇంట్లో నీళ్లయిపోతే పక్కింట్లో, అక్కడా అయిపోతే ఎదురింట్లో తాగాడు. వాళ్లు తలుపులు వేసుకున్నారు. నీళ్ల ట్యాంకరు తోలే దాసప్ప, "ఇంట్లో పెండ్లి పెట్టుకున్యారేమక్కా?" అని మా అక్కను అడిగాడు. అన్నం సయించడం లేదని, మలబద్ధకమని, బావ ఇంకో రెండు మాత్రలు పెంచాడు.

ఆ తర్వాత అంగట్లో కొసరు పెరిగింది. నాలుగు వేళ్లు మూరయింది, మూర బారయింది. విడపనకల్లు నుంచి మారెక్క అనే ఆవిడ రవికె గుడ్డకొస్తే, రవికె గుడ్డ కొలిచి ఒక పట్టుచీర కొసరుగా ఇచ్చాడు. మర్నాడు మారెక్క వెనకాల విడపనకల్లు బస్సు మొత్తం దిగింది. ఒక్కొక్కరు ఒక్కొక్క చేతిరుమాలు కొన్నారు. ధోవతులు, దుప్పట్లు, పెళ్లిచీరలు కొసరుగా పట్టుకుపోయారు. వరస స్టేషన్ రోడ్డు దాకా సాగింది. బావను ధర్మప్రభువన్నారు. ఒకాయన కొబ్బరికాయ కొట్టి హారతి కూడా ఇచ్చాడు. బావ వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ కొలవసాగాడు.

చివరికి మారెక్కే పార్సిల్ ఆఫీసుకు వచ్చింది. నా బల్ల మీద తాళాల గుత్తి పెట్టింది.

"అన్నా, రుమాలు కొంటే ఆయప్ప నాకు అంగడి తాళాలు కొసరిచ్చినాడు. చీర అంటే తీసుకుంటి గానీ, ఇది నాకొద్దప్పా. మీ బావకు ఏమో అయింది, పోయి చూడు."

నేను పరుగున వెళ్లేసరికి అక్క గల్లా ముందు నిలబడి ఉంది. బావ ఆమె కేసి మర్యాదగా చూసి, "ఏం కావాలమ్మా? యా ఊరు మీది?" అని అడిగాడు. అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. అంత భయం నాకు మా అమ్మ పోయినప్పుడు కూడా వేయలేదు.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టర్ జయంతి రక్తం తీయించి, సెలైను పెట్టించి, ఆయన మింగేవన్నీ పట్టుకురమ్మంది. అక్క సంచి బోర్లించింది. డాక్టరమ్మ ఒక్కో డబ్బా తిప్పి, వెనక ఉన్న చిన్నక్షరాలు మాకు చూపించింది. మాత్రలో డి, కాల్షియం అట్టలో డి, పొడిలో డి, చేపనూనెలోనూ డి.

"డబ్బాలే వేరు. సరుకు ఒకటే. ఇన్ని ఎవరు వేసుకోమన్నారు?"

మంచం మీది నుంచి బావ సన్నగా అన్నాడు. "కొసరు మేడమ్."

ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆమె నవ్వలేదు.

"కొన్ని విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఇది పోదు, ఒంట్లోనే పేరుకుపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగింది. దాహం, వాంతులు, మతి తప్పడం, అన్నీ దాని వల్లే. ఇంకొన్నాళ్లు ఇలాగే మింగి ఉంటే కిడ్నీలు పోయేవి. లోటు ఉంటేనే మాత్ర వేసుకోవాలి, ఎంత రాస్తే అంతే. కొత్తది ఏది మొదలుపెట్టాలన్నా, అప్పటికే వేసుకుంటున్నవి చూపించి అడగండి."

"అమ్ముడుపోని సరుకంతా గోడౌన్లో మురిగినట్టు బావా," అన్నాను.

అది ఆయనకు బాగా అర్థమైంది. కళ్లు మూసుకున్నాడు. తర్వాత భయంభయంగా అడిగాడు. "అరవై చూస్తానా మేడమ్?"

"ఇవన్నీ ఆపేస్తే తప్పకుండా చూస్తారు."

సెలైన్లు ఎక్కాక, మెల్లమెల్లగా కాల్షియం దిగాక, బావకు మా అక్క ఏ ఊరో గుర్తొచ్చింది. ఇంటికి వచ్చాక మాత్రం ఇంకో పిచ్చి పట్టుకుంది. కొసరు మాటెత్తితే ఉలిక్కిపడేవాడు. కూరగాయలామె వేసిన మిరపకాయలు ఏరి ఏరి తిరిగి ఇచ్చేవాడు. మీటరంటే మీటరే, దారప్పోగు ఎక్కువ చించేవాడు కాదు. పాత గిరాకీలు తిట్టుకుంటూ పోయారు. నేనూ తిట్టాను. మనిషికి మధ్యలో ఆగడం చేతకాదా అనిపించేది.

ఉగాది దాటింది. షష్టిపూర్తికి బంధువులంతా వచ్చారు. వాళ్ల వంశంలో మొదటిసారి ఒక మగవాడు అరవై నిండి పీటల మీద కూర్చున్నాడు. మేళం మోగింది. బావ అక్క మెడలో తాళి పెట్టి, ఒకటి, రెండు, మూడు ముళ్లు వేసి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అక్క వంచిన తల ఎత్తలేదు. పురోహితుడు అయిందమ్మా అన్నాడు. అయినా ఎత్తలేదు.

"ఇంకోటి ఉండాది," అంది.

బావ బెదిరిపోయాడు. "వద్దు వరలక్ష్మీ. డాక్టరమ్మ కొసరు వద్దన్నాది."

"ఆయమ్మ వద్దనింది మాత్రలు. ఇది నాది. ఇన్నేండ్లూ దాన్ని చూసుకునే బతికినా. వెయ్యండి."

మేళం ఆగిపోయింది. బావ చాలాసేపు తడుముకుని నాలుగో ముడి వేశాడు. అప్పుడు అక్క తల ఎత్తింది. నేను అందరి ముందూ ఏడ్చేశాను.