పళ్లెం మీద మూత

కమ్లీకి ఒక్కటే భయం: బిడ్డకు మళ్లీ జబ్బు చేస్తే మందు పనిచెయ్యదేమోనని.

బుజ్జి చెవికి చీము పట్టినప్పుడు జనగామ దవాఖానలో రెండు యాంటీబయాటిక్‌లు మార్చినా తగ్గలేదు. మూడోదానికి తగ్గింది. "పురుగులు మందుకు అలవాటు పడుతున్నయమ్మా" అన్నాడు డాక్టరు. తండా పిల్లల తానాలన్నీ కింది వాగులోనే. ఓదెలు కోళ్లఫారం కడిగిన నీళ్లు పోయేదీ ఆ వాగులోకే. కోళ్లకు తాపే యాంటీబయాటిక్ మందులో సగం ఆ నీళ్లలోనే ఉంటదట, పురుగులు దానికి అలవాటు పడేదీ అక్కడేనట.

ఆ మాట చెప్పింది రూప. ఫారం ఊడ్చే మార్తమ్మ మనవరాలు, హనుమకొండలో ఎమ్మెస్సీ చదువుతోంది. తెల్లటి పొడి పూసిన రెండు గాజు పళ్లేలు తెచ్చి, ఫారం నీళ్లు పోసి, నీలం రంగు చుక్కలు వేసి, రోజంతా ఎండ పడే కమ్లీ వాకిట్లో పెట్టింది.

"ఎండ తగిలితే గీ పొడి మందును విరగ్గొడ్తది అక్కా. మందు కంటికి కనవడదు గదా, అందుకే నీలం ఏసిన. నీలం పోయిందంటే పొడి పనిచేస్తున్నట్టు."

"నీలం పోతే ఫారం కాలువ కాడ గీ పొడి పూసిన తొట్లు కట్టిస్త" అన్నాడు ఓదెలు. "పోకుంటే మల్ల నన్ను సతాయించొద్దు."

రూప బస్సెక్కగానే కమ్లీ రెండు పళ్లేల మీద మూతలు పెట్టింది. ఆరుబయట నీళ్లు మూత లేకుండా వదలడం ఆమె వల్ల కాదు. దుమ్ము, ఈగలు, పిట్టలు! తెల్లారి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయి రూప హనుమకొండలోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు ఓదెలు వచ్చి మూత లేపి చూశాడు. "ఏందమ్మా కమ్లీ, నీలం నీలంగనే ఉన్నది?"

మార్తమ్మ ఊరుకోలేదు. "తెలంగాణన్న వస్తదేమో గని నీ నోట్ల మంచిమాట రాదు ఓదెలూ."

కమ్లీ మాత్రం బుజ్జి చెవి వైపు చూసి, మూత మళ్లీ సరిగ్గా పెట్టింది.

మరునాడు బుజ్జిని మార్తమ్మకు అప్పజెప్పి పత్తిచేను కలుపుకు పోయింది. పొద్దుగూకే ముందు వస్తే, బుజ్జి ఒక మూతను గరిటెతో వాయిస్తూ, రోడ్డు మీది ఊరేగింపు లెక్క "జై తెలంగాణ" అని వాకిలంతా తిరుగుతోంది.

"మూత ఎందుకు తీసినవే?"

"పొద్దుగాలనే తీసింది. ఇయ్యమంటె ఏడుస్తది" అంది మార్తమ్మ.

కమ్లీ వంగి చూసింది. మూత లేని పళ్లెంలో నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున తెల్ల పొడి కనిపిస్తోంది. రెండో పళ్లెం మూత తీసింది. అందులో చిక్కటి నీలం.

"అయ్యో అవ్వా, ఎండకు పెట్టిన నీళ్లకు నేనే నీడ పట్టిన!"

మరునాటి ఎండకు రెండోదీ తేటబడింది. ఓదెలు వంగి చూసి, "సరే, కట్టిస్త" అన్నాడు. సమ్మె అయిపోయాక రూప వచ్చి నీళ్లు పట్టుకపోయి పరీక్ష చేసింది. మందు చాలావరకు విరిగిందట. "వాగు ఒక్కనాడే బాగుపడదక్కా, విడవకుండ చెయ్యాలె" అంది. లోతు లేని వెడల్పు తొట్లు లేచాయి.

తర్వాత కమ్లీ మొగుడు హరిలాల్‌కు భూపాలపల్లిలో పని దొరికి ముగ్గురూ పోయారు. ఎండాకాలానికి తిరిగొస్తారు, బుజ్జి మళ్లీ ఆ వాగులోనే ఆడుతుంది. తొట్లు చూసుకునేది ఇప్పుడు మార్తమ్మే. ఆమెవీ ఊరుకునే చేతులు కావు, ఎండ పడాలని తెలిసీ, దుమ్ము పడుతుందని గోనెసంచులు కప్పుతుంది.

మీరెవరన్నా దేవరుప్పుల దిక్కు పోతే, ఓదెలు ఫారం కాడ జర ఆగి మార్తమ్మ అవ్వ ఎట్లున్నదో చూసి రండి. తొట్ల మీద సంచులుంటే, ఆమె మనసు నొవ్వకుండా మీరే తీసి పక్కన పెట్టండి.