ఏడో ముడి చల్లదనం

మోచేతి లోతున వేడి కొలిచే గాజుగొట్టం ముంచి నీళ్ళు చల్లగానే ఉన్నాయంటాడు చేపలాఫీసు కళ్ళద్దాల సారు, అదీ రేవు మెట్ల నీడలో, పొద్దున ఏడింటికి, ఆ వేళకి నా బట్టతల కూడా చల్లగానే ఉంటుంది, గొట్టం దాని మీద ఆనించి రాసుకున్నా అదే అంకె వచ్చేది, ఆ అంకె కింద అనుకూలం అని సంతకం గీకి, పన్నెండింటికి, నెత్తి మాడే ఎండలో, నలభై సంచుల చేపపిల్లలని నా పడవలోకి ఎక్కించాడు, తన నెత్తి మీద మాత్రం గొడుగు, చదువంటే ఇదే కాబోలు, మూడో తరగతితో బయటపడి బతికిపోయాను, పక్కన ఫొటోలాయన, మెడలో కెమెరా, పడవ కాస్త ఊగితే చాలు చెక్క పట్టుకుని అమ్మో అంటాడు, ఈ రిజర్వాయరుని కాపాడడానికి వచ్చిన వీరులు వీళ్ళు.

సంచుల మధ్య కూర్చున్నది నా కోడలు, చేపల కేంద్రంలో పని, ఈ పిల్లలని గుడ్డు నుంచి పెంచింది, మూడు నెలలు తొట్ల దగ్గరే తిండి, తొట్ల దగ్గరే కునుకు, ఇది ఈ నీళ్ళ పాతజాతి చేప, పసుపు పొట్టది, నా వయసులో వలకి బరువయ్యేంత పడేది, పోయినేడు ఎన్ని వలలు వేసినా ఏడు తల్లిచేపలే దొరికాయి, ఈ ఏడు తొట్లలో గుడ్లు పెట్టాక అవీ ఒక్కొక్కటే చచ్చి తేలిపోయాయి, ఇక ఈ జాతి అంటూ ఉంటే ఈ సంచుల్లోనే ఉంది, సంచుల్లో నింపిన గాలి సాయంత్రం దాకా వస్తుంది, పెద్దాయనా, నడిమధ్యకి వచ్చేశాంగా, ఇక్కడ వదిలేద్దామా అన్నాడు సారు, నేను ఇంజను ఆపలేదు, వినబడదా ఈయనకి అంటే కోడలు నవ్వింది, వినబడుతుంది సార్, మా మామయ్య మాటలు కూడా డీజిల్‌లాగే పొదుపుగా వాడతారు అంది, నవ్వింది గానీ చెయ్యి మాత్రం సంచి మీద నుంచి తియ్యలేదు.

నడిమధ్యట, నడిమధ్యలో ఏముందో తెలుసా నీకు, పైన స్నానానికి కాచినట్టు వేడి, అడుగున చల్లదనం ఉంది గానీ అందులో గాలి లేదు, తాడు దింపి తీస్తే కింది కొస నల్లగా, కుళ్ళిన గుడ్డు కంపుతో వస్తుంది, చలికాలంలో గాలులు వీచి పైనీళ్ళు చల్లబడి కిందికి దిగేవి, అడుగునీళ్ళు పైకి లేచేవి, రిజర్వాయరు నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు ఉండేది, దాంతోనే అడుగుకి ఊపిరి, రెండేళ్ళుగా చలి అన్నది మొహం చూపించలేదు, నీళ్ళు ఒత్తిగిల్లలేదు, పైన ఉడుకు కింద విషం, మధ్యలో చేప, దీనికి వీళ్ళు ఆఫీసు గోడకి రంగురంగుల పటం అంటించారు, అందులో నీళ్ళన్నీ ఒకే నీలం, ఎంత అందంగా ఉందో, పటంలో వదిలితే చేపలు నూరేళ్ళు బతుకుతాయి.

నా దగ్గర పటం లేదు, తాడుంది, చేతులు చాచినంత బారకో ముడి, కొసన రాయి, దింపి, పైకి తీస్తూ ఒక్కో ముడినీ చెంపకి ఆనించుకుంటాను, ఏ లోతున ఎంత చల్లనో చెంప చెబుతుంది, వెనక ఒకసారి ఈ సారు చూసి, తాడుకి ముద్దులేంటి పెద్దాయనా అని నవ్వాడు, నవ్వనీ, ఆ చెంపతోనే కదా కొండవాగు వచ్చి ఈ నీళ్ళలో కలిసే మూల కనిపెట్టాను, ఎంత మండువేసవి అయినా అక్కడ ఏడో ముడి మంచుముక్కలా ఉంటుంది, శుభ్రంగా, కంపు లేకుండా, వాగు తెచ్చే నీరు కింద పాయలా పారుతుంది, చేపలు అక్కడే తలదాచుకుంటాయి, కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి, అడిగే మొహాలా ఇవి, ఇప్పుడు పడవ అటే తిప్పాను, చూడండిరా అని లోపల ఒక చిన్న పొగరు.

ఆగాను, తాడు దింపాను, కోడలు ఒక సంచి నీళ్ళలో తేలేసింది, లోపలి నీళ్ళు బయటి నీళ్ళకి అలవాటు పడాలి కదా, మామయ్యా, ఇదేనా మీరనే చోటు అంది, తల ఊపాను, తాడు లాగాను, మూడో ముడి వేడి, సరే, ఐదోది వేడి, ఏడోది చెంపకి ఆనించాను, ఇంకోసారి ఆనించాను, రెండో చెంపకి ఆనించాను, గోరువెచ్చగా జ్వరం వచ్చినవాడి చెయ్యి తగిలినట్టు ఉంది, దాని కింద తాడంతా నలుపు, కంపు, తలెత్తి కొండ వైపు చూశాను, వాగు దారిలో తెల్లటి రాళ్ళు, రాళ్ళే, ఎప్పుడు ఎండిందో, ఈ చోటు చివరిసారి ఎప్పుడు కొలిచాను, పోయినేడు కాదు, అంతకు ముందేడు, తెలిసిన చోటే కదా, మళ్ళీ కొలవడం దేనికి అనుకున్నాను, ఆయన కొలత ఐదు గంటల పాతది, నాది రెండేళ్ళ పాతది, థూ.

మామయ్యా, సంచి విప్పనా, ముడి మీద వేళ్ళు పెట్టి అడుగుతోంది, విప్పొద్దు అన్నాను, ఎందుకండీ అన్నాడు సారు, చస్తాయి అన్నాను, మరి ఎక్కడ బతుకుతాయో చెప్పండి, మీకు తెలుసంటారుగా అందరూ అన్నాడు, ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాడు, అదే ఇంకా మండింది, ఒక్క సంచైనా వదలండి, ఫొటోకి అన్నాడు కెమెరా ఆయన, నువ్వు దూకు, ఫొటో నేను తీస్తాను అన్నాను, కోడలు నా వంకే చూస్తోంది, తొట్లకి తీసుకుపోతే ఎన్నాళ్ళు బతుకుతాయి మామయ్యా అంది, కరెంటు ఉన్నన్నాళ్ళు అన్నాను, ఆ తర్వాత అంది, తడి తాడు చుట్టి పడవ మూలకి పడేశాను, తేలుతున్న సంచిని ఆమె రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది, లోపల గోరంత పసుపు గీతలు వందలుగా కదులుతున్నాయి, సారు గొడుగు వాటి మీదికి వంచాడు, ఎవరూ చెప్పకుండానే, ఇంజను వేసి పడవ రేవు వైపు తిప్పాను, ఇన్నేళ్ళూ వీళ్ళని పురుగుల్లా చూసింది ఒక్క ధైర్యంతో, ఈ నీళ్ళు నాకు తెలుసని, నాకు తెలిసిన నీళ్ళు ఈ గట్ల మధ్య ఇప్పుడు లేవు, ఇవి వేరే నీళ్ళు, వీటి ముందు నేనూ ఈ పడవలో మొదటిసారి ఎక్కినవాణ్ణే.