అంచు వదిలిన చాప

నలభై అంతస్తుల భవనం భోజనాల బల్లమీద నిలబడి ఉంది. అట్టతో చేసిన నమూనా. వాగు ఒడ్డున పెరిగే గడ్డి కణుపు కణుపుకీ ఆకును కాస్త పక్కకు తిప్పుకుంటుంది. అదే తీరున ఆర్కిటెక్టమ్మ అంతస్తు అంతస్తుకీ ఎండ ఆపే నీడ రెక్కలు తిప్పింది. ఆ గడ్డితో చాపలల్లే ఆదివాసుల నేలమీదే భవనం లేవాలి. ఇవాళ వాళ్ల పెద్దలు సరేనంటేనే పని. కాదంటే ఇన్నాళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

ఆమె స్నానం చేసి వచ్చేసరికి అత్తగారు ఈకల కుంచె పట్టుకుని బిక్కచచ్చి నిలబడి ఉన్నారు. భవనం తల విరిగి ఆవిడ చెప్పుకింద ఉంది.

"దుమ్ము దులిపానే అమ్మాయ్! అంత బిల్డింగు ఈకలకే పడిపోతుందనుకున్నానా?"

"గాలివానకి తట్టుకుంటుందన్నావుగా," భర్త తొంగిచూశాడు. "మా అమ్మని లెక్కలో వేసుకోలేదా?"

ఆమెకు నవ్వు రాలేదు. అన్నిటికన్నా ముద్దుగా చేసుకున్నది ఆ తలే. నలిగిన అట్టను అక్కడే వదిలేసి, మొండెం ఒళ్లో పెట్టుకుని టాక్సీ ఎక్కింది.

పెద్దలలో చాపలల్లే ముసలమ్మ ఒకావిడ ఉంది. నమూనా చుట్టూ తిరిగి, రెక్కలు తడిమి, తెగినచోట ఆగింది. మొహం విప్పారింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు? మేం చాపకి చివరి అంచు అల్లం. ఎవరింట్లో పరుచుకుంటారో వాళ్లే అల్లుకుంటారు. అప్పుడే అది వాళ్ల చాప. ఇదివరకు వచ్చినవాళ్లంతా పూర్తిగా కట్టుకొచ్చి 'ఎలా ఉంది' అన్నారు. అంచు వదిలింది నువ్వొక్కదానివే."

పక్కనే కూర్చున్న బాసు బల్లకింద ఆమె కాలు తొక్కాడు. ఊఁ అంటే చాలు. కానీ అబద్ధం మీద నలభై అంతస్తులు నిలబెట్టడం ఆమెకు చేతకాలేదు.

"నాకు తెలీదండీ. మా అత్తగారు దుమ్ము దులుపుతూ విరగ్గొట్టారు."

బాసు తల పట్టుకున్నాడు. ముసలమ్మ కొప్పు ఊడేలా నవ్వింది.

"మా అత్త పగలగొట్టినవాటిల్లో పనికొచ్చింది ఒక్కటీ లేదు! సరే, ఆ తల మాకు వదులుతావా, ఇంటికెళ్లి అతికిస్తావా?"

ఆమె నమూనాను ముసలమ్మ వైపు జరిపింది. "వదిలేస్తాను. మీరు అల్లుతుంటే పక్కన కూర్చుంటాను."

"కూర్చుంటే కుదరదు. గడ్డి నానబెట్టాలి."

"అయితే సరేనా అండీ?"

"ఇంకా ఎలా చెప్పాలే!"

సాయంత్రం తలుపు తీసిన అత్తగారి వేళ్లు రెండు జిగురుతో అతుక్కుపోయి ఉన్నాయి. బల్లమీద భవనం తల, అతుకులతో, బోర్లా.

"చూడవే, ముందున్నట్టే చేశా!"

"బ్రహ్మాండంగా ఉంది అత్తయ్యా. ఈసారి మిమ్మల్ని కూడా తీసుకురమ్మన్నారు ఆ పెద్దలు."

"ఎందుకే, తిట్టడానికా?"

"కాదు, కుంచె కూడా తెమ్మన్నారు."