పాడైన నిశ్శబ్దం

ముందుగా ఫ్యాను.

దాని వెనక గోడ గడియారం. దాని వెనక, గాలికి కొట్టుకునే కిటికీ రెక్క. ఆ తర్వాత ఇంకేమీ లేదు... నూట ఇరవై ఖాళీ కుర్చీలు, వాటి మీద సాయంత్రపు ఎండ.

ఖాళీ హాలుకు కూడా ఒక చప్పుడు ఉంటుంది. అది వినాలంటే ఓపిక కావాలి.

చెవులమ్మకు ఆ ఓపిక ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఉద్యోగమే అది. ఆమె పనిచేసే కాలేజీకి రచయితలు వస్తుంటారు — కథలు రాసేవాళ్ళు, చరిత్ర రాసేవాళ్ళు, పక్షుల గురించి రాసేవాళ్ళు. వేదిక మీద రెండు కుర్చీలు, మధ్య బల్ల మీద నీళ్ళ గ్లాసులు. ఒక లెక్చరరు అడుగుతారు. రచయిత చెబుతారు. పిల్లలు వింటారు. ఆ మాటలన్నీ ఆమె రికార్డు చేస్తుంది, శుభ్రం చేస్తుంది, భద్రంగా దాస్తుంది.

చెవులమ్మ అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. చెవులమ్మకు వినపడకుండా ఉంటుందా!

ఆమెకొక అలవాటు ఉంది. సభకు ముందు, ఒక్క నిమిషం, ఖాళీ హాలును రికార్డు చేస్తుంది. దగ్గులూ తడబాట్లూ కత్తిరించిన చోట, చిరుగుకు మాసిక వేసినట్టు, ఆ నిశ్శబ్దం ముక్కను అతుకుతుంది. తన ఊపిరి కూడా అందులో పడకూడదు. అందుకని మిషను ఆన్ చేసి, మందపాటి తలుపు మూసి, వరండాలో నిలబడి అరవై లెక్కపెడుతుంది. అరవై కాగానే మిషను తనంతట తానే ఆగిపోతుంది.

"ఖాళీ గదిని పట్టుకోవడానికి కూడా జీతమిస్తారా!" అని అత్తగారు నవ్వుతుంది. "ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ వింటావు. ఇంట్లో పిలిస్తే మాత్రం పలకవు."

నిజమే. పలకదు.

*

నెల కిందట పెద్దావిడ పోయింది.

నవలలు రాసిన పెద్దావిడ. ఆరేళ్ళ కిందట ఈ హాల్లోనే మాట్లాడింది. ఆవిడ సభలకు పెద్దగా వెళ్ళే మనిషి కాదు. ఆవిడ గొంతుగా మిగిలినవి ఆ యాభై నిమిషాలే. శుక్రవారం సాయంత్రం సంస్మరణ సభ. ఆ గొంతునే అందరికీ వినిపిస్తారు.

మంగళవారం లైబ్రేరియన్ గారు వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. నలభై మూడో నిమిషం దగ్గర మొహం చిట్లించారు.

"ఇదేమిటండీ, తలా తోకా లేకుండా?"

అక్కడ సభలోంచి ఎవరో ఏదో అడిగారు. ఆ అడిగింది లేదు. ఆరు సెకన్ల వెలితి. ఆ తర్వాత పెద్దావిడ గొంతు — ఏడు నిమిషాల జవాబు.

"రాని వాళ్ళకండీ..." అని మొదలవుతుంది.

ఎవరు రాలేదు? ఎక్కడికి? వాళ్ళకు ఏమిటి?

"జనం బుర్ర గోక్కుంటారు. ఆ ఏడు నిమిషాలూ తీసేసి గురువారానికల్లా ఇచ్చేయండి" అన్నారాయన. చెడ్డ మనిషేం కాదు. ఆయన అన్నదాంట్లో తప్పూ లేదు.

తప్పు ఎవరిదో చెవులమ్మకు తెలుసు. ఆ రోజు మూడో వరుసలో ఎవరో ఒకటే దగ్గు. విసుగు పుట్టి జనం వైపు మైకును పూర్తిగా తగ్గించేసింది. తిరిగి పెంచేలోపు ప్రశ్న వచ్చింది, వెళ్ళిపోయింది. దగ్గును ఆపబోయి ఒక మనిషి మాటను మింగేసింది. ఆరేళ్ళుగా అది ఆమెకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఏడు నిమిషాలూ ఆమెకు కంఠతా వచ్చు.

మా అక్కకు చదువు రాదండీ, అంటుంది పెద్దావిడ. నేను రాసిందంతా ముందు దానికే చదివేదాన్ని. అది బట్టలు కుడుతూ వినేది. కుట్టుమిషను ఆగిందా... ఆ వాక్యం బాగున్నట్టు. ఆగలేదా, పెన్ను తీసుకుని కొట్టేసేదాన్ని. ఇప్పుడు మిషను లేదు, అక్కా లేదు. అయినా నా చెవి అటే ఉంటుందండీ — ఎప్పుడు ఆగుతుందా అని.

దీన్ని కత్తిరించాలట.

ఆమెకు చేతులు రాలేదు.

*

బుధవారం పొద్దున్నే కూర్చుంది. ఆ ఆరు సెకన్లు. పెద్దావిడ మెడ దగ్గరి చిన్న మైకు పట్టిన ఆరు సెకన్లు.

ఒకసారి. పదిసార్లు. యాభై సార్లు.

ఫ్యాను. కుర్చీ కిర్రుమనడం. ఎక్కడో దూరంగా ఒక గొణుగుడు... మాట కాదు, మాట ఉండిన జాడ. ఆ గొణుగుడు కింద, సన్నగా — గలగల.

మళ్ళీ విన్నది. గలగల.

తాళాల గుత్తి.

ఆ కాలేజీలో గుత్తి మోసిన మనిషి ఒక్కడే. తాళాల బాబాయి. హాళ్ళన్నీ తెరిచిందీ మూసిందీ ఆయనే. మూడేళ్ళ కిందట రిటైరై, స్టేషను వెనక సందులో, రెండో అంతస్తులో ఉంటున్నాడు. ఆమె వెళ్ళేసరికి కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. చెంబు చేతిలో ఉండగానే ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది.

"అరె, ఇది నా గుత్తే!" ఆయన మొహం వెలిగిపోయింది. "అదిగో, స్టోరు గది తాళం. దాని మోతే వేరు అమ్మాయ్."

"ఏమడిగావు బాబాయ్?"

ఆయన సిగ్గుపడ్డాడు. అరవై దాటిన మనిషి సిగ్గుపడితే చూడముచ్చటగా ఉంటుంది.

"అంత చదువుకున్నవాళ్ళ మధ్య నేను నోరు తెరవడమేమిటి అనుకున్నానే. కానీ మనసు ఊరుకోలేదు. ఆ రోజు ఆవిడ గంట ముందే వచ్చేశారు. వేదిక వెనక తలుపు తీసి అక్కడే కూర్చోబెట్టాను. అతిథుల గదిలోకి తీసుకెళ్దామని వచ్చేసరికి, వేదిక మీద నిలబడి చదువుతున్నారు... పైకి, గట్టిగా. హాల్లో పురుగు లేదు. ఉత్త కుర్చీలు. అదే అడిగాను. ఇందాక ఎవరూ లేనప్పుడు చదివారు కదమ్మా, ఎవరికి చదివారు అని."

రాని వాళ్ళకండీ.

ఆరేళ్ళు విడిపోయిన ప్రశ్నా జవాబూ ఆ బాల్కనీలో పక్కపక్కనే నిలబడ్డాయి.

ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. సభకు ముందు... ఎవరూ లేని హాలు... అప్పుడు తను ఎక్కడ ఉంది?

వరండాలో. మూసిన తలుపు బయట. అరవై లెక్కపెడుతూ.

"టీ అయినా తాగి వెళ్ళవే!" అని బాబాయి వెనక నుంచి అరుస్తున్నాడు. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది.

*

ఆ తేదీతో ఖాళీ హాలు రికార్డులు రెండున్నాయి. రెండోదే వాడింది. మొదటిదాని పక్కన ఆమె రాసుకున్న మాటలు — నిశ్శబ్దం, పాడైంది.

ఆ రోజు అరవై లెక్కపెట్టి అటే టీకి వెళ్ళింది; తిరిగొచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు. మధ్యలో ఎక్కడో రెండే సెకన్లు విన్నది. ఏదో గొంతు వినపడగానే విసుక్కుని పక్కన పడేసి, మళ్ళీ తీసుకుంది. ఎవరి గొంతని కూడా చూడలేదు. చెవులమ్మట, చెవులమ్మ!

ఇప్పుడు విన్నది.

ఫ్యాను. గడియారం. కిటికీ రెక్క. వాటి మధ్య, తొందర లేకుండా, పెద్దావిడ.

ఆవిడ పుస్తకాలన్నీ ఆమె చదివింది. ఈ పేజీ ఎందులోనూ లేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పెద్ద వాన. ఎన్నేళ్ళుగానో మూసి ఉన్న ఒక ఇల్లు. తడిసిన చేతులకు తాళం జారుతోంది. కళ్ళు మూసుకోవే, నేను తెరుస్తాను, అంటుంది అక్క. చెల్లెలు మూసుకున్నట్టే మూసుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. తలుపు తెరుచుకుంది. లోపల...

అరవై.

మిషను ఆగిపోయింది.

లోపల ఏముంది?

చెవులమ్మ టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. దుఃఖం కాదు. కొంత సిగ్గు, మిగిలిందంతా సంతోషం.

*

బాబాయిని పిలిచి, ఆ ప్రశ్న మళ్ళీ చెప్పించి, ఆరు సెకన్ల వెలితిలో అతికేయొచ్చు. పది నిమిషాల పని. అతుకు ఎవరికీ తెలియదు, ఆమె చేతి పని అలాంటిది. చెయ్యి మౌసు దాకా వెళ్ళింది కూడా.

ఆగింది.

గురువారం లైబ్రేరియన్ గారి గదికి వెళ్ళి, తీసెయ్యలేదండీ, అని చెప్పింది. ప్రశ్న దొరికిందా అని ఆయన అడిగారు. దొరికింది గానీ రికార్డులో లేదండీ, అన్నది. ఆయన కళ్ళజోడు తీశారు.

"రేపు సభలో నా పరువు తీయరు కదా?"

"నా పరువు కూడా అందులోనే ఉందండీ."

శుక్రవారం పొద్దున వంటింట్లోంచి అత్తగారు ఏదో అంటోంది. ఎప్పుడూ అంటూనే ఉంటుంది. చెవులమ్మ చెవుల్లోంచి హెడ్‌ఫోన్లు తీసింది.

"ఏమన్నారత్తయ్యా? మళ్ళీ చెప్పండి."

లోపల గరిటె చప్పుడు ఆగింది.

*

నాలుగింటికి హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్నారు. పెద్దావిడ గొంతు గోడల మీది స్పీకర్లలోంచి వస్తోంది. నవ్వించింది. ఆలోచింపజేసింది. నలభై మూడో నిమిషం వచ్చింది.

చెవులమ్మ రికార్డును ఆపింది.

జనం వెనక్కి తిరిగి చూశారు. ఆఖరి వరుసలో తాళాల బాబాయి లేచి నిలబడ్డాడు. చేతిలో ఇంటి తాళాలు, రెండే రెండు. అవే సన్నగా గలగలమన్నాయి. ఈసారి జనం వైపు మైకు పూర్తిగా పెంచి ఉంది.

"అమ్మా... ఇందాక ఎవరూ లేనప్పుడు చదివారు కదా." తాళాలు గుప్పిట్లోకి తీసుకున్నాడు. "ఎవరికి చదివారు?"

ఫ్యాను. గడియారం. కిటికీ రెక్క.

ఆమె బటన్ నొక్కింది.

"రాని వాళ్ళకండీ..."

బాబాయి నిలబడే విన్నాడు. ఏడు నిమిషాలూ కూర్చోలేదు. కుట్టుమిషను మాట వచ్చినప్పుడు మూడో వరుసలో ఎవరో దగ్గారు. చెవులమ్మ చెయ్యి అలవాటుగా మైకు వైపు లేచింది... దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. దగ్గనీ, పాపం.

అంతా అయ్యాక లైబ్రేరియన్ గారు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకుంటూ, ఉంచేయండి, దగ్గుతో సహా ఉంచేయండి, అన్నారు.

ఆ ఒక్క నిమిషం సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబుతుంది. ఆవిడ ఇంటివాళ్ళను అడుగుతుంది, అలమరాల్లో, అట్టపెట్టెల్లో వెతకమంటుంది. ఆ తలుపు వెనక ఏముందో ఎక్కడో ఒక కాయితం మీద ఉండే ఉంటుంది. ఉండకపోనూ వచ్చు. పాడైంది అన్న మాటను మాత్రం కొట్టేసింది. దాని బదులు ఏం రాయాలో ఇంకా తెలియలేదు.

అందరూ వెళ్ళిపోయారు. నూట ఇరవై కుర్చీలు, వాటి మీద సాయంత్రపు ఎండ. ఆమె మిషను ఆన్ చేసింది. ఈసారి అరవై అని పెట్టలేదు. వరండాలోకీ వెళ్ళలేదు. వేదిక ఎక్కి, రెండు కుర్చీల మధ్య నిలబడింది.

"తలుపు తెరుచుకుంది," అన్నది పైకి, గట్టిగా. "లోపల..."

ముందుగా ఫ్యాను. దాని వెనక గోడ గడియారం. దాని వెనక, గాలికి కొట్టుకునే కిటికీ రెక్క.

వాటన్నిటి వెనక, ఆమె ఊపిరి...