ఆనర్ టార్పీ పుట్టిన సంవత్సరం

మా తాత కార్నీలియస్ టార్పీ లివర్‌పూల్‌లో సమాధిరాళ్లు చెక్కేవాడు. ఆయన తల్లిదండ్రులు ఐర్లండ్‌లోని మేయో నుంచి పడవెక్కి వచ్చినవారు. ఆయన మాత్రం లివర్‌పూల్ రేవుకు ఫర్లాంగు దూరంలో పుట్టాడు. మా కుటుంబ చరిత్రలో ఆధారంతో నిరూపించగలిగిన వాక్యాలు ఇంచుమించు ఈ మూడే. మిగిలినదంతా మా మేనత్త సబీనా చెప్పింది. 1911 నాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. తండ్రి యార్డులో ఉలి పడకముందు రాయి మీద అక్షరాలు గీసి ఇచ్చే పని ఆమెది. ఒకే కథను అరవై ఏళ్లపాటు ఒక్క మాట మార్చకుండా చెప్పే సాక్షిని నేను సాధారణంగా నమ్మను. అయితే ఈ కథకు ఒక ఉత్తరం, ఒక రాయి మిగిలాయి. రెంటినీ స్వయంగా పరిశీలించాను.

తాత యార్డు శ్మశానం గేటుకు ఎదురుగా ఉండేది. లోపలికి వచ్చేవారికి ముందుగా కనిపించేది గోడ మీది ఒక పలక: "ఆధారం చూపని సంవత్సరం చెక్కబడదు. సంవత్సరం లేని రాయి ఇక్కడ తయారు కాదు." ఓడల్లో బొగ్గు వేసే ఒకాయన చనిపోతే, 'ప్రేమమూర్తి' అని చెక్కమని అతని భార్య వచ్చి అడిగిందట. అతను ఎలాంటి ప్రేమమూర్తో వీధి వీధంతటికీ తెలుసు.

"చెక్కుతానమ్మా, దానికేం! విశేషణాలకి నాది పూచీ కాదు, అంకెలకే పూచీ. పుట్టిన కాగితం తెచ్చావా?" అన్నాడట తాత.

పాతికేళ్లలో ఆయన ఉలి నుంచి ఒక్క తప్పు సంవత్సరమైనా వెలువడలేదని పారిష్, అంటే మా చర్చి కింది పేట యావత్తూ ఒప్పుకునేది. ఆయన కూడా ఒప్పుకునేవాడు.

ఇక ఆయన తల్లి, మా తాతమ్మ ఆనర్ సంగతి. డెబ్బై నిండినవారికి ప్రభుత్వం 1909లో పింఛను మొదలుపెట్టింది. ఐర్లండ్ నుంచి వచ్చిన ముసలివాళ్ల దగ్గర పుట్టిన కాగితాలు లేవు. వాళ్లు పుట్టిన కాలానికి అక్కడ ప్రభుత్వం అటువంటివి రాయించేది కాదు. అందుచేత అధికారులు ఒక ప్రశ్న కనిపెట్టారు. 1839 జనవరిలో ఒక రాత్రి ఐర్లండ్‌ను ఊడ్చిపెట్టిన పెనుగాలి మీకు గుర్తుందా? గుర్తుంటే డెబ్బై నిండినట్టే లెక్క. ఆ ఏడు ఐర్లండ్ జాతి జ్ఞాపకశక్తి అద్భుతంగా వృద్ధి చెందింది.

అధికారి వచ్చి తాతమ్మ వంటింట్లో కూర్చున్నాడు. తాత, సబీనా అత్త గుమ్మం దగ్గర నిలబడి విన్నారు.

"ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండమ్మా."

"ఏం చెప్పను నాయనా! కప్పు మొత్తం లేచిపోయింది. మా నాన్న తలుపుకి వీపానించి తెల్లారేదాకా అలాగే నిలబడ్డాడు. తెల్లారి చూస్తే తలుపుంది, గోడల్లేవు."

"మీ మేక ఎగిరిపోలేదా? పొద్దున్నించి నేను చూసినవాళ్లందరి మేకలూ ఎగిరిపోయాయి."

"మాకు మేకెక్కడిది బాబూ? పక్కింటివాళ్లది ఎగిరింది. వచ్చి మా పెరట్లో పడింది. మేం తిరిగివ్వలేదు."

అధికారి నవ్వాడు. ఆనర్ టార్పీ, జననం 1836, అని రాసుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో అందరికీ తెలిసినంతవరకు ఆమె పుట్టింది 1846లో. 1843లో పుట్టిన భర్త థేడీ కన్నా మూడేళ్లు చిన్నది.

"అమ్మా, పదేళ్లు ఎక్కువ చెప్పి పింఛను మింగేశావు!"

"ఈ ప్రభుత్వంవాళ్లు మా ఊళ్లో ఎంతెంత మింగారో నీకేం తెలుసురా? పదేళ్లట, పదేళ్లు! నోరు మూసుకుని టీ తాగు."

తాత టీ తాగాడు. ప్రభుత్వాన్ని మోసగించడాన్ని మా వీధిలో పాపాల జాబితాలో చేర్చేవారు కాదు. పాదిరీ ముందు దాన్ని చెప్పుకుంటే ఆయన టైము వృథా చేసినట్టు. తాతకు ఒక్కటే అర్థం కాలేదు. డెబ్బైకి 1838 చాలు. మరి 1836 దాకా ఎందుకు పోయింది? అవసరానికి మించి అబద్ధం ఆడేవారు రెండు రకాలు: కొత్తగా నేర్చుకుంటున్నవారు, అసలు అబద్ధమే ఆడనివారు. ఈ ఆలోచన నాది. తాతకు అప్పుడు తట్టలేదు.

థేడీ ముత్తాత 1901లో పోయాడు. పదేళ్లు గడిచినా ఆయన సమాధి మీద కర్ర సిలువే ఉంది. రాళ్లవాడి తండ్రికి రాయి దిక్కులేదని పారిష్ నవ్వుతుంటే, 1911 వసంతంలో తాత మేలైన నల్లరాయి ఒకటి తెప్పించాడు. పైన తండ్రి పేరు, సంవత్సరాలు. కింద తల్లి పేరు, పుట్టిన సంవత్సరం. ఆమె చనిపోయే సంవత్సరానికి ఖాళీ. మాలో భార్యాభర్తల రాయి అలాగే చేస్తారు. తాతమ్మ వచ్చి చూసింది.

"బావుందిరా. నా పేరు చెక్కు. ఏడాది మాత్రం వద్దు."

"ఏడాది లేకపోతే అది సమాధిరాయి కాదమ్మా. మైలురాయి."

"అయితే మైలురాయే చెక్కు. ఎంత దూరం నడిచానో నాకు తెలుసు."

"గోడ మీది పలక చదివావా?"

"నిన్ను కన్నదాన్ని, నాకు పలకలు చూపిస్తావేంట్రా? నువ్వు చెక్కకపోతే ఆ ప్యూ చెక్కుతాడు." ప్యూ అంటే వీధి చివర ఉన్న వేల్స్ దేశపు రాళ్లవాడు.

"చెక్కుతాడు. అడిగితే నువ్వు వచ్చే ఏడు పుడతావని కూడా చెక్కుతాడు."

తాత సంకటం చిన్నది కాదు. ప్రతి నవంబరులోనూ పారిష్ అంతా సమాధుల దీవెనకు వస్తుంది. వచ్చినవారు రాళ్లను వార్తాపత్రికల్లా చదువుతారు. అందరికన్నా బిగ్గరగా చదివేది బిడీలియా కోయిన్. ఒకప్పుడు థేడీని తనే చేసుకుంటానని చెప్పుకుని తిరిగిన మనిషి. 1864లో జరిగిన అతని పెళ్లిని ఆమె ఇంకా క్షమించలేదు. రాయి మీద 1846 కనబడితే ఆ మర్నాడే పింఛను ఆఫీసుకు సంతకం లేని జాబు చేరుతుంది, తల్లి కోర్టు మెట్లెక్కుతుంది. 1836 అని చెక్కితే తను గోడ మీది పలక దించుకోవాలి. తాతకు మూడు వారాలు నిద్ర లేదని అత్త అనేది. గురక వినబడేదని మా నాన్న చెప్పాడు.

చివరకు తాత తన వృత్తిధర్మం ప్రకారం ఆధారం కోసం బయలుదేరాడు. తల్లికి చెప్పకుండా మేయోలోని ఆమె పారిష్ పాదిరీకి ఉత్తరం రాశాడు. జవాబు జూన్‌లో వచ్చింది. అది నా దగ్గర ఉంది.

తాత దాన్ని రెండుసార్లు చదివి, అత్తను పంపి తల్లిని యార్డుకు పిలిపించాడు.

"అమ్మా, మీ ఊరి చర్చి పుస్తకంలో నీ బాప్తిస్మం దొరికింది. పద్దెనిమిది వందల ముప్పై ఆరు. మే పదకొండు."

తాతమ్మ రాయి అంచు మీద కూర్చుంది. "అది మా అక్కరా. పాపం, చిన్నప్పుడే పోయింది. దాని పేరే నాకు పెట్టారు."

"ఇలా అంటావనే అక్కడి పాదిరీని పద్దెనిమిది వందల యాభై దాకా వెతకమన్నాను. మీ అమ్మానాన్నలకి ఇంకో ఆనర్ లేదు. నలభై ఆరులో వాళ్లకి అసలు ఎవరూ పుట్టలేదు."

"ఆ రోజుల్లో పాదిరీలు తాగి రాసేవారు."

"అమ్మా."



"నాకు ఇరవై ఎనిమిది," అంది తాతమ్మ. "మీ నాన్నకి ఇరవై ఒకటి. ఈ ఊళ్లో దిగిన కొత్తల్లో చర్చి మెట్ల మీద నా బుట్ట ఎత్తిపెట్టి, నీ వయసెంత అన్నాడు. పద్దెనిమిది అన్నాను. ఎందుకన్నానో! నోట్లోంచి వచ్చేసింది. నమ్మాడు. ఒకసారి నమ్మాక మళ్లీ ఎలా చెప్తాం?"

"ముప్పై ఏడేళ్లూ నమ్మాడా?"

"పోయే రోజున కూడా, నాకన్నా మూడేళ్లు చిన్నదానివి, ఎలాగూ వెనకే ఉంటావు, తొందరపడకు అన్నాడు." ఆమె కొంగులాంటి తన నల్లశాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది. "అంత మంచివాడు."

"మరి పింఛను ఆయనకి నిజం చెప్పావేం?"

"వాడు నన్ను చేసుకుంటానన్నాడా?"

సబీనా అత్త నవ్వింది. తాతమ్మ ఒక్క చూపు చూసింది. అత్త నవ్వు ఆపింది.

"మరి ప్రభుత్వాన్ని మోసం చేశావని రెండేళ్లుగా నేను కుమిలిపోతుంటే, కాదని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎందుకు చెప్తాన్రా? దొంగ అంటే అననీ, పడతాను. కానీ కుర్రాణ్ణి బుట్టలో వేసుకున్న ముసల్ది అని ఆ బిడీలియా అంటే ఆ మాట పడను. చచ్చినా పడను. చచ్చాక అసలే పడను."

ఇక్కడ ఒక తార్కిక విశేషాన్ని గుర్తించడం అవసరం. పెనుగాలి రాత్రికి ఆమె వయసు రెండున్నరేళ్లు. తలుపు, గోడలు, మేక, వీటిలో ఒక్కటీ ఆమెకు గుర్తుండే అవకాశం లేదు. అంటే సాక్ష్యం పూర్తిగా కల్పితం, నిర్ణయం పూర్తిగా సత్యం. ప్రభుత్వ కార్యాలయాలలో దీనికి విలోమమే తరచు జరుగుతుంది.

"ముప్పై ఆరే చెక్కుతాను," అన్నాడు తాత. "ఆధారం ఉంది. లేనట్టు నటించలేను."

"చెక్కు. దాన్ని చూసుకుంటూ నేను ఇవాళే పోతాను."

తాత రాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత పలక దగ్గరికి వెళ్లి, తన నియమాన్ని తనే కొత్తగా చదివాడు. సంవత్సరం చెక్కాలని అక్కడ ఉంది. అది కనబడాలని ఎక్కడా లేదు. ఈ సంగతి ముందు పట్టుకున్నది తనేనని అత్త అనేది. ఆ మాటను నమోదు చేస్తున్నాను, ధ్రువీకరించడం లేదు.

తల్లి పుట్టిన సంవత్సరాన్ని తాత అన్నిటికన్నా కిందికి దించి, తక్కినవాటికన్నా లోతుగా, అందంగా చెక్కాడు. ఆగస్టులో రాయి నిలబెట్టే రోజున తాతమ్మ గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది. పనివాళ్లు గొయ్యిలోకి రాయిని దించారు.

"ఇంకా దించండి."

"ఇప్పటికే మూడోవంతు లోపలుందమ్మా."

"ఒకటి తల కనబడుతోంది. ఎనిమిది బొజ్జ కనబడుతోంది. దించండి!"

మరో రెండంగుళాలు దించారు. ఆమె గొడుగు మొనతో గడ్డిని సర్ది, వంగి, ఒకసారి పక్కనుంచి కూడా చూసింది. "ఇప్పుడు పద్దెనిమిదేళ్లదాన్లా ఉన్నాను," అంది.

నవంబరులో అందరూ వచ్చారు. బిడీలియా కోయిన్ కళ్లజోడు సర్దుకుని రాయిని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి బిగ్గరగా చదివింది. చుట్టూ జనం ఆగారు.

"ఏమే ఆనర్, పుట్టిన ఏడు లేదేమే? అందరికీ నీతులు చెప్పే నీ కొడుకు కన్నతల్లికి ఏడాది చెక్కలేదా?"

"చెక్కాడే. కిందుంది."

"కిందంటే ఎక్కడ?"

"మట్టిలో. నువ్వూ ఎలాగూ అక్కడికే వస్తావుగా. తీరిగ్గా చదువుకుందువు గాని."

బిడీలియా నాలుగేళ్ల తర్వాత ఆ అవకాశం పొందింది. తాతమ్మ 1927 వరకు ఆగింది. వయసు సంగతి తెలియని కొత్త పాదిరీ చెవిలో తాత ఏదో చెప్పగా, ఆయన తన ప్రసంగంలో 'నిండు వయసు' అన్న మాటతో సరిపెట్టుకున్నాడు.

ఆమె చనిపోయిన సంవత్సరం కూడా చెక్కాలి కదా. నియమం నియమమే. ఖాళీ ఉంచిన చోటు మట్టిలో ఉంది. అరవై రెండేళ్ల తాత రాయి ముందు గొయ్యి తవ్వించి, అందులో గోనెసంచి పరిచి, బోర్లా పడుకుని రెండు పూటలు చెక్కాడు. దారిన పోయేవాళ్లకు ఆయన బూట్లు మాత్రమే కనబడేవట. తర్వాత గొయ్యి తనే పూడ్చి, పైన గడ్డి పరిచాడు.

మొన్న వేసవిలో నేను ఒక వంటింటి చెంచా తీసుకుని వెళ్లాను. జానెడు లోతున రెండూ ఉన్నాయి. 1836, 1927. అంచులు పదునుగా, నిన్న చెక్కినట్టున్నాయి. ఇంతకాలం వానా ఎండా తగలని అక్షరాలు ఆ వరుసలో అవే. రాసుకుని, మట్టి తిరిగి కప్పి, గడ్డి సర్దాను.