కొండ కింద బెంచీ

బందరు కోనేరు సెంటర్లో మందుల షాపు పైన ఉన్న టూర్ల ఆఫీసులో కూర్చుని, షబానా ఇంగ్లండు పాత ఊళ్ళన్నీ గడగడా ఒప్పజెప్పేది. ఏ ఊళ్ళో బస్సెక్కడ ఆగుతుంది, ఏ చర్చి ఎన్నింటికి మూస్తారు, బాత్రూములెక్కడ, అన్నీ నోటికే. తను మాత్రం బెజవాడ దాటిన పాపాన పోలేదు. అయినా "మీరు వెళ్ళారా?" అని ఎవరడిగినా "రెండుసార్లు వెళ్ళానండీ" అనాలని యజమాని బాలాజీ గట్టిగా చెప్పాడు. మొదట్లో నాలుక తడబడింది. అబద్ధానికేం, అలవాటైతే అన్నంలా అరుగుతుంది.

గుడివాడ నుంచి శివరామయ్య, విజయకుమారి దంపతులు వచ్చినప్పుడూ అదే చెప్పింది. విజయకుమారి చిన్నప్పుడు వాళ్ళ రైసుమిల్లు గోడకు ఒక క్యాలెండర్ ఉండేదట. అందులో మార్ల్‌కోంబ్ అనే ఊరు, రాళ్ళు పరిచిన వీధి, వీధి కొసన చర్చి. లండన్లో ఉండే నాలుగు రోజుల్లో ఒక రోజు ఆ ఊరు చూసి రావాలని ఆవిడ పట్టు.

"నా మోకాళ్ళు అరిగిపోయాయమ్మా. చర్చి దాకా నడవగలనా?"

"భలేవారే ఆంటీ! చదునుగా ఉంటుంది. నేను నడిచాను కదా."

బ్రోషర్ ఫోటోలో చదునుగానే కనపడింది మరి.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం నాలుగింటికి శివరామయ్య ఫోన్ చేశాడు. అక్కడ అప్పుడు ఉదయం పదకొండున్నర.

"ఏమ్మాయ్, ఇదేనా నీ చదును? నిట్టనిలువుగా ఉంది! పాతిక గజాలెక్కి మా ఆవిడ కూలబడింది. కిందకి దింపి బెంచీ మీద కూర్చోబెట్టాను, ఒకటే ఏడుపు. వేరే దారుందా? నువ్వు నడిచావుగా, చెప్పు!"

ఆయన కేకలు ఆఫీసంతా వినిపించాయి. పక్క బల్ల దగ్గర్నుంచి బాలాజీ 'ఉందను' అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఉందంటే ఆ మనిషి భార్యను ఊరంతా తిప్పుతాడు.

"నాకు తెలీదండీ. నేను ఇంగ్లండే వెళ్ళలేదు. అబద్ధం చెప్పాను."

బాలాజీ నెత్తి కొట్టుకున్నాడు. అవతల ఫోను విజయకుమారి చేతికి మారింది.

"మూడుసార్లు అడిగానమ్మా నిన్ను! నిజం చెబితే చేతికర్రన్నా తెచ్చుకునేదాన్ని. ఇంత దూరం వచ్చి కొండ కింద కూర్చోబెట్టావు కదే!"

సిగ్గుతో షబానాకు ఏడుపొచ్చింది. "తప్పైపోయింది ఆంటీ."

"నువ్వేడిస్తే కొండ వంగుతుందా?" విజయకుమారి ముక్కు చీదింది. "అయితే నువ్వూ చూడలేదన్నమాట."

"లేదాంటీ."

"ఏవండీ, మీ ఫోను పట్టుకుని పైకెక్కండి. నా ఫోనుకీ ఈ అమ్మాయి ఫోనుకీ కలిపి వీడియో పెట్టండి."

శివరామయ్య సణుగుతూనే ఎక్కాడు. మొదటి రెండు నిమిషాలు ఆయన ముక్కు తప్ప ఏమీ కనపడలేదు. "కెమెరా తిప్పండి బాబాయిగారూ!" అని షబానా మొత్తుకుంది. తిప్పాక రాళ్ళ వీధి వచ్చింది, పూలకుండీలు వచ్చాయి, చివరికి చర్చి వచ్చింది. "ఆ గోడ మీద పాకిన తీగ క్యాలెండర్లో లేదే!" అని విజయకుమారి చిన్నపిల్లలా అరిచింది. "కాస్త ఎడమకి తిప్పండి, అమ్మాయిని కూడా చూడనివ్వండి."

ఇన్నాళ్ళూ ఎంతోమందికి అంటగట్టిన ఊరిని షబానా అప్పుడే మొదటిసారి చూసింది.

ఆ మర్నాడే ఉయ్యూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మార్ల్‌కోంబ్ మీరు చూశారా?"

బాలాజీ తలెత్తి చూస్తున్నాడు.

"వెళ్ళలేదండీ. ఆ ఎత్తు ఎక్కలేక కొండ కింద బెంచీ మీద ఉండిపోయిన ఒకావిడతో కలిసి ఫోన్లో చూశాను," అంది షబానా. "మీ మోకాళ్ళెలా ఉన్నాయి, ముందది చెప్పండి."