తెర మీద చలమయ్య

పొదిలి పక్క పల్లెలో బడిగది కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పట్టపగలే సినిమా వేస్తున్నాడు జయరావు. వ్యవసాయ శాఖ వ్యానులో ఊరూరా తిరిగి పురుగుమందుల సినిమా చూపించడం అతని ఉద్యోగం. కుదుపులకు నడుం పట్టేసింది. సగం రీలు తిరిగేసరికి ప్రొజెక్టరు బల్బు టప్పుమని మాడిపోయింది.

ఇంకొక్క బల్బే ఉంది. అది రేపటి ఊరికి. "ఇవాళ్టికి ఇంతేనండీ" అన్నాడు. మిరప కల్లాల్లో పని వదిలి వచ్చినవాళ్లు లేచి మళ్లీ పనికి వెళ్లిపోయారు. వెంకటేశ్వరమ్మ అనే ముసలామె మాత్రం కదల్లేదు.

"లేవమ్మా, అయిపోయింది."

"మా ఆయన ఇంకా రాలేదు బాబూ."

"దార్లో కనపడతాడులే, వెళ్లు."

"దార్లో కాదు, తెర మీద. ఈ సినిమా మా చేలోనే తీశారు. మా చలమయ్య ఉన్నాడంట ఇందులో. ఆ తర్వాత కామెర్లొచ్చి పోయాడు. ఇంట్లో ఫోటో కూడా లేదు."

జయరావు నిట్టూర్చి ప్రొజెక్టరు ప్లగ్గు పీకేశాడు. బల్బు ఉండే గూటి తలుపు తెరిచి, ప్రొజెక్టరు పక్కనే కూలబడ్డాడు.

"మార్చవా బాబూ?"

"చల్లారాలమ్మా. ఇప్పుడు ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది."

చల్లారాక అతను పాత బల్బును గుడ్డతో పట్టి తీశాడు. కొత్తదాన్ని కాగితం తొడుగుతోనే పట్టుకుని బిగించి, అప్పుడు తొడుగు లాగేశాడు. వేలిజిడ్డు అంటితే గాజు అక్కడే వేడెక్కి పగులుతుంది.

ప్లగ్గు పెట్టగానే రీలు తిరిగింది. వీపున మందుపంపుతో, మూతికి గుడ్డయినా లేకుండా చలమయ్య మిరపచేలో నడిచొచ్చాడు. "చూశారా, ఇది తప్పు పద్ధతి. ఇలా ఎప్పుడూ చేయకూడదు" అంది సినిమాలో గొంతు.

వెంకటేశ్వరమ్మ మొహం చిన్నబోయింది. "ఆయన్నేనా తిడుతున్నాడు? వాళ్లు నడవమన్నట్టే నడిచాడు బాబూ. గుడ్డ కట్టుకుంటానంటే వాళ్లే వద్దన్నారు."

ఎన్ని ఊళ్లలో ఈ మాట వినిపించాడో జయరావుకే తెలీదు. ఆ మనిషి పేరు ఇవాళే తెలిసింది. రీలు వెనక్కి తిప్పి, సౌండు పూర్తిగా తగ్గించి మళ్లీ వేశాడు.

"కాసేపు అట్టా నిలబెట్టగలవా?"

"నిలబెడితే బల్బు వేడికి ఫిల్ము కాలిపోద్దమ్మా. మళ్లీ నడిపిస్తాను, చూడు."

మళ్లీ నడిపించాడు. ఆమె చాలనేదాకా నడిపించాడు.

ఆమె వెళ్లాక బల్బు ఆర్పి, ఫ్యాను తిరగనిచ్చాడు. వేడిమీద కదిలిస్తే లోపలి తీగ తెగుతుంది. బయట డ్రైవరు హారను కొడుతున్నాడు. జయరావు గోడకు జారబడి కళ్లు మూసుకున్నాడు.